నాటి భల్లూకములు - నేటి ఎలుగుబంట్లు

(బిలాస్‌పూర్, నెహ్రూ నగర్ తెలుగు కుటుంబముల సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టుకొని శ్యమంతకమణి కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. ఊరు విడిచి వందల మైళ్ళ దూరమున ఉద్యోగము చేసికొనుచున్నను, ఆ కథ మాత్రము ఇంటితోపాటు వచ్చినది. ఆ కథలో జాంబవంతుడు గుహలో శ్రీకృష్ణునితో పోరాడును. ఆ పోరు ఇరువది యెనిమిది దినములు సాగినదని భాగవతము చెప్పుచున్నది. కథ ముగిసి, ఉండ్రాళ్ళు చేతికి వచ్చిన పిమ్మట పిల్లలు తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఆ ఎలుగుబంటి ఎంత పెద్దది? ఇప్పటి ఎలుగుబంట్లు అంత పెద్దవి కావా?"

పెద్దలు దీనికి సిద్ధముగా ఉంచుకొన్న సమాధానము ఒకటున్నది. ఆ యుగములో అన్నియు పెద్దవే, మనుష్యులు తాటిచెట్టంతవారు, కలియుగము వచ్చిన కొలది మనిషి, మృగము, చెట్టు, ధాన్యపు గింజ అన్నియు కుదించుకొనిపోయినవి అని. పురాణము చెప్పదలచినది భక్తుని పట్టుదలను గూర్చి, భగవంతుని కరుణను గూర్చి. జంతువు కొలతలను గూర్చి కాదు. కనుక పురాణముతో ఈ ప్రసంగమునకు పేచీ లేదు. కాని "పూర్వము అన్నియు పెద్దవే" అను మాట పురాణము నుండి జారి లోకవిశ్వాసముగా స్థిరపడినది. అది నిజమో కాదో తేల్చుటకు సాక్షి యొకటి కావలెను. ఆ సాక్షి ఎముక. మాంసము కుళ్ళును, చర్మము చివుకును, వెండ్రుకలు రాలును. అనుకూలమైన చోట పడిన ఎముక మాత్రము వేలకొలది ఏండ్లు నిలుచును. అది మాటలాడదు, కాని అడుగు విధము తెలిసినవారికి సమాధానము చెప్పును.

ఎలుగుబంటి బిలాస్‌పూర్ వాసులకు పరిచయము అక్కరలేని జంతువు. ఉత్తరమున పెండ్రా, మర్వాహీ అడవులు దానికి ఉనికిపట్లు. 1998 ఏప్రిల్ మొదలు 2000 డిసెంబరు వరకు ఉత్తర బిలాస్‌పూర్ అటవీ విభాగములో జరిగిన యొక పరిశీలనలో ఎలుగుబంట్లు మనుష్యులపై చేసిన దాడులు 137 లెక్కకు వచ్చినవి. 11 మంది మరణించిరి. వర్షాకాలములో, ఇంటి పెరళ్ళలోను పొలాలలోను అవి హెచ్చుగా జరిగినవి. రైల్వే ఉద్యోగములపై ఇచటికి వచ్చిన తెలుగువారిలో శ్రీకాకుళము ప్రాంతమువారు పలువురున్నారు. సోంపేట, మందస, కంచిలి వైపు ఉద్దానపు జీడితోటలలో ఎలుగు తిరుగు సంగతి వారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ మహువా అనినను అక్కడ ఇప్ప అనినను, ఆ పూవు రాలు వేళకు చెట్టుక్రిందికి మనిషికంటె ముందు చేరునది ఇదియే.

ఈ ఎలుగు బరువు ఎంత? మగది 80 మొదలు 145 కిలోగ్రాముల వరకు, ఆడది 55 మొదలు 95 వరకు తూగును. భుజము కడ ఎత్తు మూడడుగులకు మించదు. చీకటిలో ఎదురైనవారు చెప్పు ఎత్తు వేరుగా నుండును. భయము పట్టుకొన్న కొలబద్దకు అంగుళములు తక్కువ. ఇక ఈ జంతువు పూర్వీకులు ఇంతకంటె పెద్దవా, చిన్నవా అన్నది ప్రశ్న. సమాధానమునకు ఎచటికో పోనక్కరలేదు. మన కర్నూలు మండలమే సాక్ష్యము దాచియుంచినది.

బేతంచెర్ల సమీపమున సున్నపురాతి కొండలలో బిల్లసర్గము అను గుహలున్నవి. ఆ ప్రాంతము ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అను సైనికోద్యోగి ఈ గుహలలో ఎముకలున్నవని వ్రాసి ప్రకటించెను. తరువాత నలువది ఏండ్ల వరకు ఎవరును వానిని పట్టించుకొనలేదు. ఇంగ్లండులో జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ఈ గుహలను శోధింపవలెనని సూచింపగా, మద్రాసు గవర్నరుగా నున్న గ్రాంట్ డఫ్ ఆ పనిని భూగర్భ పరిశోధనశాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు అప్పగించెను. 1863లో మద్రాసు దగ్గర పల్లవరమున రాతిగొడ్డలిని కనుగొని, భారతదేశ ప్రాచీనచరిత్రను రాతియుగమువరకు వెనుకకు జరిపినవాడు ఈ ఫుట్ మహాశయుడే. ఆయన 1884లో త్రవ్వకములు ఆరంభించెను. పిమ్మట ఆయన కుమారుడు, సైన్యములో లెఫ్టినెంటుగా నున్న హెన్రీ బ్రూస్ ఫుట్, 1885 వరకు పని కొనసాగించెను. అందొక గుహలో ఎముకలు ఎంత కిక్కిరిసి యుండెననగా, దానికి ‘ఎముకల కొట్టు’ అను అర్థము వచ్చు ‘చార్నెల్ హౌస్’ అను పేరు పెట్టిరి.

త్రవ్వి తీసిన ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ అను పండితుడు పరీక్షించి 1886లో గ్రంథరూపమున ప్రకటించెను. ఆ పట్టిక చదువుచుండిన తెలుగు అడవి అంతయు కన్నుల కట్టినట్లుండును. కొండముచ్చు, పెద్దపులి, చిరుతపులి, ముంగిస, ఏదుపంది, కుందేలు, మనుబోతు, కృష్ణజింక, కడితి, దుప్పి, అడవిపంది అన్నియు అందున్నవి. నేడు ఆ ప్రాంతమున కనబడనివియు ఉన్నవి: ఖడ్గమృగము, ఆఫ్రికాలో మాత్రమే మిగిలిన చుక్కల దుమ్ములగొండి మొదలగునవి. ఆ పట్టికలోనే ‘ఉర్సస్ లేబియేటస్’ అను పేరు కలదు. అది ఎలుగుబంటికి నాటి శాస్త్రజ్ఞులు వాడిన పేరు. పొడవైన పెదవులు గల ఎలుగు అని దాని భావము.

కర్నూలు ఎలుగు ఏమి చెప్పుచున్నదో వినుటకు ముందు, ఎముకను ప్రశ్నించు విధమేమో తెలిసికొనుట మంచిది. కచేరీ ఉద్యోగులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఒక కాగితము చేతికి వచ్చినప్పుడు ముందు అది ఏ ఫైలులోనిది, ఏ తేదీది, ఎవరి సంతకము గలది అని చూతురు. ఎముక విషయములోను అంతే.

మొదటిది, పోల్చునది ఒకే ఎముకను కావలెను. చేతి ఎముకను చేతి ఎముకతోనే, తొడ ఎముకను తొడ ఎముకతోనే కొలువవలెను. రెండవది, జంతువు వయస్సు. పిల్లవయస్సులో పొడవాటి ఎముక చివరలు వేరు ముక్కలుగా నుండి, ఎదుగుదల ముగిసిన పిదప నడిమి భాగముతో అతుకుకొనును. ఆ అతుకు చూచి, జంతువు పెరిగినదో, పెరుగుచున్నదో చెప్పవచ్చును. మూడవది, మగదా ఆడదా అన్నది. ఎలుగు జాతిలో మగవాటికి ఆడవాటికి భేదము చాల హెచ్చు. ఐరోపా గుహలలో దొరకిన గుహాభల్లూకముల ఎముకలు రెండు పరిమాణములలో కనబడగా, కొందరు వానిని రెండు వేర్వేరు తెగలని తలచిరి. ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞుడు బ్యోర్న్ కుర్తేన్ 1955లో వాని పండ్లను, ఎముకలను వందలకొలది కొలిచి, అది ఆడమగల భేదమని స్పష్టపరచెను.

నాలుగవది, పొడవుతోపాటు చుట్టుకొలతను చూచుట. ఇందులో గణితమున్నది. జంతువు పొడవు రెండింతలైనచో, వెడల్పు రెండింతలు, ఎత్తు రెండింతలగును. కనుక బరువు రెండు రెండ్లు నాలుగు, నాలుగు రెండ్లు ఎనిమిదింతలగును. కాని ఆ బరువును మోయు ఎముక అడ్డుకోత నాలుగింతలు మాత్రమే పెరుగును. ఎనిమిదింతల బరువును నాలుగింతల స్తంభము మోయలేదు. అందుచే పెద్ద జంతువు ఎముక పొడవుకు తగినదానికంటె లావుగా నుండి తీరవలెను. ఈ సత్యమును 1638లో ప్రకటించిన గ్రంథములో గెలీలియో బొమ్మతో సహా వివరించెను. కాలి ఎముక నడుము చుట్టుకొలత చూచి బరువు అంచనా కట్టు నేటి పద్ధతికి మూలము ఇదే. ఇల్లు కట్టించినవారికి ఇది అనుభవవేద్యము: మేడమీద మేడ లేపదలచినవాడు స్తంభము పొడవు చూడడు, లావు చూచును.

ఈ లెక్కలోనే ఒక ప్రమాదమున్నది. ఒక ఎముక 30 సెంటీమీటర్లు, ఇంకొకటి 33 సెంటీమీటర్లు ఉన్నవనుకొందము. భేదము పదవ వంతు. చేతితో పట్టి చూచినను చప్పున తెలియదు. కాని బరువులో భేదము దాదాపు మూడవ వంతు. మొదటి జంతువు 100 కిలోగ్రాములైన, రెండవది 133. అటులనే 30 సెంటీమీటర్ల ఎముకను విరిగిన చివర కారణముగా 31 అని కొలిచినచో, బరువులో నూటికి పది తప్పు వచ్చును. కొలతలోని చిన్న పొరపాటు బరువులో పెద్ద పొరపాటుగా పెరుగును. అందుకే గట్టి పండితులు ఒక్క అంకె చెప్పరు. ఇంత మొదలు ఇంత వరకు అని చెప్పుదురు.

ఈ నియమములను వెంటబెట్టుకొని లోకములోని పెద్ద భల్లూకములను చూడవచ్చును.

ఐరోపా గుహాభల్లూకము వానిలో ప్రసిద్ధము. ఆస్ట్రియాలోని మిక్స్‌నిట్స్ గుహలో దాని ఎముకలు గుట్టలుగా ఉండెను. జనులు పూర్వము అవి రెక్కల సర్పము ఎముకలనుకొనిరి. ఆ గుహకు నేటికిని ఆ పేరే నిలిచియున్నది. 1794లో రోజెన్‌ముల్లర్ ఈ జంతువుకు శాస్త్రీయనామ మొసగెను. దాని కాలి ఎముకలను కొలిచి 1999లో క్రిస్టియాన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు, మగది 400 మొదలు 500 కిలోగ్రాములు, ఆడది అందులో సగము అని అంచనా వేసెను. అనగా మన ఎలుగుకు మూడు నాలుగింతలు. కాని నేటి అలాస్కా గోధుమ ఎలుగుకు, ఉత్తరధ్రువపు తెల్ల ఎలుగుకు మించినది కాదు. ఈ గుహాభల్లూకము సుమారు 24 వేల ఏండ్ల క్రితము అంతరించెను.

ఉత్తర అమెరికాలో పొట్టిముఖపు భల్లూకమొకటి యుండెను. దానిని అదే శాస్త్రజ్ఞుడు 700 మొదలు 800 కిలోగ్రాములని లెక్కించెను. ఇంకను పెద్దది దక్షిణ అమెరికాలోనిది. అర్జెంటీనాలోని లా ప్లాతా నగరమున 1935లో ఆసుపత్రి నిర్మాణమునకు పునాది త్రవ్వుచుండగా దాని చేతి ఎముక బయల్పడినది. 2011లో సోయిబెల్జోన్, షూబర్ట్ అను ఇరువురు దానిని పలుచోట్ల కొలిచి పలు విధముల లెక్కకట్టిరి. ఒక కొలతప్రకారము 983 కిలోగ్రాములు, మరియొక కొలతప్రకారము 2,042 కిలోగ్రాములు వచ్చినవి. అందు 1,588 మొదలు 1,749 వరకు గల అంకెలను వారు మిక్కిలి నమ్మదగినవిగా భావించిరి. ఒకే జంతువు, ఒకే ఎముక. పొడవు కొలిచిన ఒక బరువు, లావు కొలిచిన ఒక బరువు! తమకు నచ్చిన అంకెను మాత్రము పైకి చూపక, వచ్చిన అంకెలన్నిటిని ముందుంచుటలో వారి నిజాయితీ కనబడుచున్నది. పత్రికలలో పెద్ద అక్షరములతో పడునది పై అంకె మాత్రమే. క్రింది అంకెను చదువువాడు వివేకి.

నేటి జంతువులు మాత్రము తక్కువవా? 1960లో అలాస్కాలో చంపబడిన ఒక తెల్ల ఎలుగు 1,002 కిలోగ్రాములు తూగినట్లు నమోదైనది. అది అసాధారణమైన ఒంటరి జంతువు. తెల్ల ఎలుగులన్నియు అట్లుండవు. ఇక్కడనే ఇంకొక నియమము తెలియుచున్నది. వ్యక్తి వేరు, జాతి వేరు. ఒక ఊరిలో ఆరడుగుల మనిషి ఒకడు కనబడినంతమాత్రమున ఊరివారందరు ఆరడుగులవారు కారు. ప్రాచీనకాలపు జంతువులలో చాలవాటికి ఒకటి రెండు ఎముకలే దొరకును. ఆ ఎముక సామాన్యునిదో, ఊరికి పెద్దదైన మల్లునిదో ఎవరు చెప్పగలరు?

ఈ విషయములో లండను నగరపు ఉదాహరణము గమనింపదగినది. థేమ్స్ నది కంకరలో, క్యూ వంతెన సమీపమున, ముంజేతి ఎముక ముక్క యొకటి దొరకెను. పూర్తిగా ఉండియుండిన 48.5 సెంటీమీటర్లు ఉండెడిదని లెక్కకట్టి, 1964లో కుర్తేన్ మహాశయుడు దానిని బ్రహ్మాండమైన ప్రాచీన తెల్ల ఎలుగుగా ప్రకటించెను. పోలికకు వచ్చిన నేటి తెల్ల ఎలుగుల ఎముకలు 36 మొదలు 43 సెంటీమీటర్లవి. అవియు పూర్తి ప్రాయమునకు రాని జంతువులవి. తరువాత దానిని మరల పరీక్షించినవారు అది తెల్ల ఎలుగే కాదు, గోధుమ ఎలుగు కావచ్చునని అభిప్రాయపడిరి. ఎముక అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు దాని దగ్గర ఉన్నంత సమాధానమే ఇచ్చినది. తక్కినది వినువారు కలుపుకొన్నారు. ఆడమగల చిక్కును వందల కొలతలతో విడదీసిన కుర్తేన్ వంటి ఘనుడే ఒక్క ముక్క దగ్గర తడబడెననగా, ఒంటరి సాక్ష్యము ఎంత జాగ్రత్తగా వినవలసినదో తెలియుచున్నది.

ఇట్టి పొరపాటు మన ఎలుగు విషయములో మరింత వింతగా జరిగినది. 1791లో ఇంగ్లండు పండితుడు జార్జి షా దీని గోళ్ళ పొడవును, పండ్లను చూచి, ఇది ఎలుగే కాదని, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు ‘స్లాత్’ అను మందగమన జంతువుకు చుట్టమని నిర్ణయించెను. దీనికి పై దవడ ముందు పండ్లలో నడిమి రెండు ఉండవు. ఇతర ఎలుగులకు 42 పండ్లుండగా దీనికి 40 మాత్రమే. ఆ సందు గుండా చెదపురుగులను గట్టిగా పీల్చి మ్రింగుటకు అది ఏర్పడిన సదుపాయము. చెదలపుట్ట దగ్గర ఇది పీల్చు శబ్దము చాల దూరము వినబడును. పండితుడు దానిని పండ్లూడిన సోమరిగా తలచెను. తప్పు తెలిసికొని ఎలుగుల వంశమునకు మరల చేర్చిరి గాని, ఇంగ్లీషు పేరులో ఆ ‘స్లాత్’ అను మాట నేటికిని తొలగలేదు. ఒకసారి రికార్డులో పడిన తప్పు పేరు ఎంత కాలము నడచునో కచేరీలవారికి వేరుగా చెప్పవలెనా?

ఇక కర్నూలు సాక్షిని పిలువవచ్చును. ఆంధ్రదేశమున దొరకిన ఆ ప్రాచీన భల్లూకపు భుజాస్థిని, అనగా భుజము నుండి మోచేతి వరకు గల ఎముకను, నేటి ఎలుగుబంటి భుజాస్థితో పోల్చి చూచిరి. రెండింటికి భేదము లేదు. ఆకృతిలో భేదము లేదు. పరిమాణములోను ఆ ఎముక రాక్షసునిది కాదు. మంచుయుగపు కర్నూలు అడవిలో తిరిగిన ఎలుగు, మర్వాహీ అడవిలో నేడు తిరుగు ఎలుగు, ఎముకలో ఒక్కటే.

పై నియమము ప్రకారము, ఇదియు ఒంటరి సాక్ష్యమే కదా అని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసినదే. కాని ఈ సాక్ష్యమునకు బలమిచ్చు సాక్ష్యము ఉత్తరమున శివాలిక్ కొండలలో కలదు. అచటి పొరలు కర్నూలు గుహలకంటె ఎంతో పురాతనములు. సహారన్‌పూర్ ఉద్యానవనాధికారి ఫాల్కనర్, కాలువల నిర్మాత కాట్లీ, 1836లోనే అక్కడినుండి గొప్ప భల్లూకమొకదానిని వర్ణించిరి. అది పెద్దదే, కాని మన ఎలుగుకు తాత కాదు. ఆ శాఖ సంతానము లేక నశించినది. మన ఎలుగుకు పూర్వీకుడు కావచ్చునని కొందరు పండితులు తలచునది వేరొకటి. లిడెక్కర్ 1884లో థియోబాల్డ్ అను భూగర్భశాస్త్రజ్ఞుని పేరిట దానికి నామకరణము చేసెను. దాని అంగిలి నేటి ఎలుగు అంగిలి యంతయే. పండ్లు మాత్రము నేటి ఎలుగు పండ్లకంటె పెద్దవి, ఇతర ఎలుగుల పండ్లకంటె చిన్నవి. లక్షల ఏండ్లలో మారినది తిండికి తగినట్లు పండ్లే కాని, తల గొప్పగా చిన్నదైనట్లు కనబడదు.

మరి ఐరోపా, అమెరికా భల్లూకములు అంత పెద్దవి యేల? 1847లో బెర్గ్‌మన్ అను జర్మను పండితుడు ఒక సూత్రము చెప్పెను. ఉష్ణరక్త జంతువులలో చలిదేశములవి పెద్దవిగాను, వేడిదేశములవి చిన్నవిగాను ఉండుట సామాన్యము. పెద్ద శరీరమునకు బరువుతో పోల్చిన చర్మపు వైశాల్యము తక్కువ. కనుక వేడి త్వరగా పోదు. పెద్ద గుండిగలోని అన్నము చల్లారుటకు పట్టు సమయము చిన్న గిన్నెలోని అన్నమునకు పట్టదు. ప్రతి గృహిణికి తెలిసిన విషయమే. ధ్రువప్రాంతమున తెల్ల ఎలుగు, మలయా అడవులలో అరువది కిలోగ్రాములకు మించుట అరుదైన సూర్యభల్లూకము ఈ సూత్రమునకు రెండు కొసలు. తిండికూడ కారణమే. చెదలు, చీమలు, తేనె, తునికిపండ్లు, ఇప్పపూలు తిని బ్రతుకు జంతువు వేయి కిలోగ్రాముల దేహమును పోషింపలేదు. కర్నూలు మంచు కప్పిన దేశము కాదు. అక్కడి ఎలుగు ఎదగవలసినంత ఎదిగి, అక్కడనే నిలిచినది.

కాబట్టి పిల్లల ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. ప్రాచీనకాలమున మిక్కిలి పెద్ద భల్లూకములు కొన్ని దేశములలో ఉండినమాట నిజము. అవి కుదించుకొని నేటి ఎలుగులు కాలేదు. అవి వేరు శాఖలు, అవి పోయినవి. మన ఎలుగు నాడును ఇంతే, నేడును ఇంతే. యుగములు మారినకొలది అన్నియు చిన్నవగుచున్నవను మాటను ఈ ఎముక సమర్థింపదు.

ఇంతటితో ముగించిన, ఇది ఒక కొలతల ముచ్చటగా మిగిలిపోవును. కాని కర్నూలు గుహలు కొలతలకంటె గొప్ప విషయమొకటి చెప్పుచున్నవి. 1970 దశకములో ఎం.ఎల్.కె. మూర్తిగారు ముచ్చట్ల చింతమానుగవి అను గుహలో త్రవ్వకములు జరిపి, సుమారు 17 వేల ఏండ్ల క్రితము అచట మనుష్యులు నిప్పు రాజేసికొనినట్లు, ఎముకతో పనిముట్లు చేసికొనినట్లు చూపిరి. ఫుట్ తండ్రీకొడుకులు చెప్పిన ఎముక పనిముట్లను నమ్మనివారికి దానితో సమాధానము దొరకెను. ఇటీవల బిల్లసర్గమును మరల శోధించిన భారతీయ, విదేశీయ పండితులు 2014లో ప్రకటించిన ఫలితము ఇంకను ఆశ్చర్యకరము. దాదాపు రెండు లక్షల ఏండ్ల కాలములో అచట గుర్తింపబడిన 21 రకముల జంతువులలో 20 రకములు నేటికిని ఈ ఉపఖండమున ఎచటనో ఒకచోట జీవించుచున్నవి. ఐరోపాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా నశించిన కాలమది. కరవులు వచ్చినవి, వానలు తగ్గినవి, మనుష్యులు పనిముట్లతో వచ్చినారు. అయినను మన నేలమీది జంతువులు పోలేదు. ఒకచోట ఎండిన మరొకచోటికి పోవుటకు అడవి అడవితో కలిసియుండెను. అదియే వానిని కాపాడినదని ఆ పండితుల అభిప్రాయము.

అనగా ఈ ఎలుగుబంటి మంచుయుగమును దాటినది. దాని సాటి జంతువులలో ఖడ్గమృగము కర్నూలు నేలను విడిచినది, చుక్కల దుమ్ములగొండి దేశమునే విడిచినది. ఇది విడువలేదు. రూపు మార్చుకొనలేదు, ఎముక మార్చుకొనలేదు. ఇంత కాలము నిలిచిన ఈ జంతువును నేడు అపాయస్థితిలో నున్నవాని పట్టికలో చేర్చవలసివచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి మొదటి షెడ్యూలులో చోటిచ్చినది. చట్టము చోటు ఈయవచ్చును; అడవి కూడ చోటు ఈయవలెను గదా. ఒక అడవికి మరొక అడవికి నడుమ పొలము, రహదారి, గని, రైలుపట్టా వచ్చి చేరినవి. ఇవి అక్కరలేనివని ఎవరును అనలేరు. ఈ సభలోనివారి జీవనము సగము వానిపై ఆధారపడియున్నది. కాని దారి తెగిన జంతువు ఇంటి పెరటిలోనికి వచ్చును. పెరటిలో ఎదురైన మనిషిని చూచి అది భయపడును, భయపడి మీదబడును. ముందు చెప్పిన 137 దాడుల వెనుక ఉన్నది రాక్షసభల్లూకము కాదు. 100 కిలోగ్రాముల, చూపు మందమైన, చెదలు తిను జంతువు. పదకొండు కుటుంబములు తమవారిని పోగొట్టుకొనినవి. వారి దుఃఖమును తక్కువ చేయుట తగదు. ఎలుగును దూషించినందున ఆ దుఃఖము తీరదు. చీకటిలో ఒంటరిగా ఇప్పపూవు ఏరుటకు పోకుండ గుంపుగా పోవుట, అడవిలో అలికిడి చేయుచు నడచుట, ఎలుగులు మసలు దారిని గుర్తించి విడిచిపెట్టుట వంటి చిన్న జాగ్రత్తలు రెండు ప్రాణములను కాపాడును.

కొలతల శాస్త్రము నేర్పు పాఠమొకటి ఇందులోను పనికివచ్చును. భయముతో కొలిచిన జంతువు ఉన్నదానికంటె పెద్దదగును; గర్వముతో కొలిచిన జంతువు ఉన్నదానికంటె చిన్నదగును. ఎముకను కొలుచువాడు భయమును, గర్వమును ప్రక్కనబెట్టి, అది ఉన్నంతయే వ్రాసికొనును. బ్రతికియున్న జంతువునకును అంత న్యాయము జరుగవలెను.

వచ్చు చవితినాడు పిల్లలు మరల ఆ ప్రశ్న అడుగుదురు. జాంబవంతుని కథ యథాప్రకారము చెప్పవలసినదే, అక్షతలు వేయవలసినదే. ఆ తరువాత, బేతంచెర్ల కొండలలో దొరకిన ఎముకను గూర్చి కూడ నాలుగు మాటలు చెప్పిన బాగుండును. సెలవులలో స్వస్థలమునకు పోవు కుటుంబములు వీలున్నచో బిల్లసర్గమును పిల్లలకు చూపవచ్చును. తాతల కాలమున ఎలుగు పెద్దదని చెప్పుటకంటె, తాతల తాతల కాలమునుండి ఎలుగు ఇట్లే ఉన్నదని చెప్పుటలోనే గొప్పతనము ఎక్కువ. ఇకముందును ఇట్లే ఉండునా అన్నది ఎముకలు చెప్పలేవు. అది అడవిని ఉంచువారి చేతిలో నున్నది.